తీర్థం పట్టలేని చెయ్యి: మెడ బిగుసుకుపోయిన ఒక ఆటో డ్రైవర్ కేసు

ఈ కేసు రాయాలని ఏడాదిగా అనుకుంటున్నా. టైమ్ దొరక్క ఆగలేదు, మొదటిసారి చూసినప్పుడు నేనే మిస్ అయ్యాను కాబట్టి రాయబుద్ధి కాలేదు, అంతే. పేషెంట్‌ని అడిగి, సరే అన్నాకే రాస్తున్నా, ఎవరో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చాను.

నేను ఆర్థోపెడిక్ డాక్టర్ని, హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు ప్రాక్టీస్. పేషెంటుకి 51 ఏళ్ళు, ఆటో నడుపుతాడు. భార్యతో కలిసి వచ్చాడు. పక్క కుర్చీలో ఉన్న ఆమెతో మాట్లాడాలంటే మెడ తిప్పట్లేదు, నడుం పైనున్న ఒళ్ళంతా ఒక చెక్కలాగా తిప్పుతున్నాడు. "మెడ తిరుగుతలేదు సార్, తొమ్మిదేండ్ల సంది. నడుం గూడ బిగుసుకపోయింది" అన్నాడు. ఆటోకి అద్దాలు మూడు ఎక్స్‌ట్రా పెట్టించుకున్నాడట. "రివర్స్ తియ్యాలంటే ప్యాసింజర్‌నే అడుగుత సార్, ఎనక ఎవలన్న ఉన్నరా సూడన్నా అని."

తొమ్మిదేళ్ళ కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చాడు. మొదట్లో అందరూ రాసినట్టే మెడ స్పాండిలైటిస్ అని రాశారు, కాలర్ పెట్టారు, ట్రాక్షన్ పెట్టారు. తర్వాత ఒకచోట అంకైలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు, అంటే మన ఇమ్యూనిటీ మన వెన్నెముక కీళ్ళ మీదే తిరగబడి చివరికి పూసలన్నీ అతుక్కుపోయే జబ్బు. దానికి అడాలిముమాబ్ ఇంజెక్షన్లు నాలుగు చేశారు, చిట్టీ ఎత్తి మరీ డబ్బు కట్టాడు, రవ్వంత కూడా తేడా లేదు. ఆ జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఉండే జన్యువు కోసం చేసే హెచ్ఎల్ఏ-బి27 టెస్ట్ నెగెటివ్ అని అదే ఫైల్లో ఉంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ జబ్బు లేదని చెప్పలేం, మనవాళ్ళలో బి27 లేకుండా కూడా ఆ జబ్బు వచ్చేవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఆ డాక్టర్ని నేనేమీ అనను.

అన్నిటికంటే పైన, జాగ్రత్తగా మడిచి పెట్టుకున్న కాగితం ఇంకోటి ఉంది. ఏదో ఫ్రీ క్యాంపులో తీసిన డెక్సా స్కాన్, ఎముకల సాంద్రత కొలిచేది. టి-స్కోరు ప్లస్ 4.6. మామూలుగా మైనస్ 2.5 కానీ అంతకంటే కింద కానీ ఉంటే ఎముకలు గుల్లబారాయని అంటాం, ప్లస్ 1 దాటినవాళ్ళే తక్కువ. క్యాంపులో అది చూసి "మీ ఎముకలు పాతికేళ్ళ కుర్రాడి ఎముకల కన్నా గట్టిగా ఉన్నాయి" అని చెప్పి పంపారట. ఈయన దాన్ని మంచి మార్కులొచ్చిన ప్రోగ్రెస్ కార్డులాగా దాచుకున్నాడు. నేను కూడా చూశాను, మెషిన్ తేడా అయ్యుంటుందిలే అనుకుని పక్కన పెట్టాను. ఇది నా మొదటి తప్పు.

ఆ రోజు ఓపీ రద్దీగా ఉంది, ఆయనకి పది నిమిషాలు ఇచ్చుంటానేమో. పాత ఎక్స్‌రేల్లో వెన్నెముక నిజంగానే వెదురుబొంగులాగా అతుక్కుపోయినట్టే కనిపించింది. పొద్దున్నే బిగుసుకుపోయి తర్వాత సర్దుకుంటుందా అని అడిగా, "పొద్దున లేదు, సాయంత్రం లేదు సార్, ఎప్పుడైన గంతే" అన్నాడు. కొంచెం నడిస్తే, కదిలితే వదులవుతుందా అంటే అదీ లేదు. అంకైలోజింగ్ స్పాండిలైటిస్ సాధారణంగా 45 లోపు, అందులోనూ ఎక్కువమందికి ఇరవైల్లో మొదలవుతుంది, పొద్దున ఎక్కువగా ఉండి కదిలేకొద్దీ తగ్గుతుంది, ఈయనకి 42లో మొదలైంది, కదిలినా తగ్గదు. ఏదీ సరిగ్గా సరిపోవట్లేదు, అయినా ఫైల్ మీద ఎవరో ముందే ఒక పేరు రాసి ఉంటే మన బుర్ర ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది. ఎంఆర్ఐ రాసి పంపించేశా.

రెండోసారి పది రోజులకి వచ్చాడు, ఎంఆర్ఐ ఇంకా తీయించలేదు, డబ్బులు సర్దుబాటు కాలేదు. కానీ ఈసారి కొత్త కంప్లైంట్. కాళ్ళు బరువుగా, బిగుతుగా ఉంటున్నాయట, బ్రేక్ మీద కాలు పెడితే దానంతటదే టకటక కొట్టుకుంటోందట. వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానం వస్తే నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, చెప్పు కాల్లోంచి జారిపోతే తెలుస్తోందా లేదా అని. ఆయన కంటే ముందు భార్య చెప్పింది. "మొన్న గుడికాడ చెప్పు ఎప్పుడు ఊడిపోయిందో తెల్వనే తెల్వలే సార్, ఒక్క చెప్పుతోటే ఇంటికొచ్చిండు." ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది, అసలు కేసు తిరిగింది ఆ మాట దగ్గరే. "గుళ్ళె తీర్థం గూడ పట్టరాదు సార్ ఈయనకు, నా చేతిల పోయించుకొని తాగుతడు."

తీర్థం ఎందుకు పట్టలేడు? మెడ సమస్య అయితే తల వంచలేక తాగలేకపోవచ్చు, పట్టుకోవడానికేం? చెయ్యి చాపమన్నా. మోచెయ్యి పూర్తిగా చాచుకోలేదు, ఇరవై డిగ్రీల దాకా వంగే ఉంది. అరచెయ్యి వెల్లకిలా తిప్పమంటే సగంలో ఆగిపోయింది, తలుపు గడియ పట్టుకున్నట్టు నిలువుగా ఉండిపోయింది. రెండు చేతులూ అంతే. ఆటో కిరాయి డబ్బులు కూడా ఎప్పట్నించో వేళ్ళతో అందుకుంటాడు కానీ అరచేతిలో వేయించుకోడట, వేస్తే కింద పడిపోతాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముంజేతి గురించి కొంచెం చెప్పాలి. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, రేడియస్, అల్నా, స్కూల్లో రత్ని, అరత్ని అని చదువుకున్నాం కదా అవే. వీటి మధ్య ఆ చివర నుంచి ఈ చివర దాకా పల్చటి పొర ఒకటి సాగి ఉంటుంది. మనం అరచెయ్యి బోర్లా తిప్పినప్పుడు రేడియస్ ఎముక అల్నా మీదుగా దొర్లి దాన్ని క్రాస్ చేస్తుంది, వెల్లకిలా తిప్పితే మళ్ళీ పక్కకి వచ్చేస్తుంది. ఆ పొర మెత్తగా ఉన్నంతకాలం ఈ ఆట సాగుతుంది, అదే ఎముకలా గట్టిపడిపోతే చెయ్యి తిరగదు. అంకైలోజింగ్ స్పాండిలైటిస్ వెన్నెముకని పట్టుకుంటుంది, తుంటిని పట్టుకుంటుంది, ఒక్కోసారి భుజాల్నీ పట్టుకుంటుంది, ముంజేతి మధ్యనున్న పొర జోలికి మాత్రం రాదు.

అప్పుడు అడిగా, మొదటి రోజే అడగాల్సింది. "మీది ఏ ఊరు?"

"మర్రిగూడ మండలం సార్."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయా. మర్రిగూడ అంటే నల్గొండ జిల్లా, ఫ్లోరైడ్ నీళ్ళ నేల. మాది కనిగిరి దగ్గర. చిన్నప్పుడు మా వీధిలోనే నడుం వంగిపోయి నేలని చూస్తూ నడిచే ముసలాయన ఉండేవాడు, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు, ఆయన్ని చూస్తూ పెరిగినవాణ్ణి. మన దేశంలో మనుషుల ఎముకలకి ఫ్లోరైడ్ పట్టడం గురించి 1937లో మొట్టమొదట వైద్య పత్రికల్లో రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే, మా కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఇంత చరిత్ర ఉన్న నేల మీద పుట్టి నల్గొండ మనిషి ఎదురుగా కూర్చుంటే ఊరి పేరు అడగడానికి నాకు రెండో విజిట్ దాకా పట్టింది.

ముంజేతుల ఎక్స్‌రే తీయించా. రేడియస్ అంచు వెంబడి రంపం పళ్ళలాగా, పక్షి ఈకలాగా తెల్లటి ముళ్ళు రెండో ఎముక వైపు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ పొరే, సున్నం పట్టేసింది. ఈ ఒక్క ఫోటోతోనే ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఎముకలకి ఫ్లోరైడ్ పట్టే జబ్బు అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఖర్చు కూడా కొన్ని వందలే. తుంటి ఎక్స్‌రేలో ఎముకలన్నీ సుద్దముక్కలా తెల్లగా ఉన్నాయి, మామూలుగా ఎముక లోపల కనిపించే సన్నటి గీతల అల్లిక కనపడట్లేదు, కటి ఎముకల చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడి తాళ్ళలాగా కనిపిస్తున్నాయి. నడుం కింద, వెన్నెముక తుంటి ఎముకలతో కలిసే చోట ఉండే సాక్రోఇలియాక్ జాయింట్లు మాత్రం తినేసినట్టు లేవు, అంకైలోజింగ్‌లో ముందు పాడయ్యేవి అవే.

ఎముకలు ఇంత తెల్లగా కనిపిస్తే ఫ్లోరైడ్ ఒక్కటే కారణం అనుకోకూడదు, ఈ వయసు మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకినా ఇలాగే కనిపిస్తుంది. అందుకే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ చేయించా, 0.9, నార్మల్. ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ, ఈఎస్ఆర్ నార్మల్, కాబట్టి వాపు జబ్బు అనడానికి ఆధారం లేదు. కాల్షియం, ఫాస్ఫరస్ బాగానే ఉన్నాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 240, అంటే ఎముక కట్టే కణాలు ఓవర్‌టైమ్ చేస్తున్నాయన్నమాట. విటమిన్ డి 14, తక్కువ. పారాథైరాయిడ్ హార్మోన్ కొంచెం ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, ఇది చిన్న విషయం కాదు, ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే, అవి నెమ్మదిస్తే మిగిలిందంతా ఎముకల్లోకే పోతుంది. యూరిన్ ఫ్లోరైడ్ 4.8, ఎక్కువే. ఈ శాంపిల్ ప్లాస్టిక్ డబ్బాలోనే పంపాలి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కాబట్టి గాజు సీసాలో పంపితే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఆ ప్లస్ 4.6 సంగతి. ఎముకలో గట్టిగా ఉండే పదార్థం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేట్ల స్ఫటికం. అందులో హైడ్రాక్సిల్ ఉండాల్సిన సీట్లో ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. పైగా ఎముక కట్టే కణాల్ని రెచ్చగొడుతుంది, అవి కట్టుకుంటూ పోతాయి, ఎక్కడ పడితే అక్కడ, ప్లాన్ లేకుండా, లిగమెంట్ల మీదా పొరల మీదా కూడా. చూడ్డానికి ఎముక చిక్కగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, కానీ అల్లిక సరిగ్గా ఉండదు కాబట్టి పెళుసు. సిమెంట్ ఎక్కువ పోసి ఇనుము సరిగ్గా కట్టని స్లాబ్ ఎలా ఉంటుందో అలా. డెక్సా మెషిన్ చిక్కదనం మాత్రమే కొలుస్తుంది, అల్లిక దానికి తెలియదు. అసలు ఈయనకి మూడేళ్ళ క్రితం మణికట్టు విరిగింది, ఇంటి గడప దగ్గర కాలు తట్టుకుని పడ్డాడు, అంతే. పాతికేళ్ళ కుర్రాడి కన్నా గట్టి ఎముకలున్న మనిషి గడప దగ్గర పడితే మణికట్టు ఎందుకు విరిగిందని ఎవ్వరికీ డౌట్ రాలేదు, నాతో సహా.

పళ్ళ గురించి కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకి పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు అడ్డంగా, రెండు వైపులా ఒకేలా వస్తాయి, ఎందుకంటే ఎనిమిదేళ్ళ లోపు చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్నప్పుడే అది పడుతుంది. ఈయన గుట్కా నమిలేవాడు, ఆ మరకలే అనుకున్నా. గుట్కా మరక పన్ను మీద పట్టి ఉంటుంది, డెంటిస్ట్ గీకితే చాలావరకు పోతుంది, ఫ్లోరైడ్ చార పన్ను లోపలే ఉంటుంది, పోదు. ఆయన భార్య పళ్ళు తెల్లగా ఉన్నాయి, కానీ ఆమె పుట్టిల్లు వరంగల్ వైపు, పెళ్ళయ్యాకే ఈ ఊరొచ్చింది. పళ్ళు బాగున్నంత మాత్రాన ఎముకలు బాగున్నట్టు కాదు, ఆమెకీ మోకాళ్ళు బిగుతుగానే ఉన్నాయి.

ఊరొదిలి హైదరాబాద్ శివార్లకి వచ్చి పన్నెండేళ్ళయింది, మరి ఇంకా ఎందుకు పెరుగుతోంది అన్నది నాకు అర్థం కాలేదు. ఇంట్లో క్యాన్ నీళ్ళే తాగుతాం సార్ అన్నారు. వంటకి? "వంటకు బోరు నీళ్ళే." అన్నం, పప్పు, చారు, టీ, అన్నీ బోరు నీళ్ళతోనే. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరై నీళ్ళు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది, అన్నం ఆ నీళ్ళన్నీ పీల్చేసుకుంటుంది. కాలనీ బోరు నీళ్ళు టెస్ట్ చేయిస్తే లీటరుకి 2.3 మిల్లీగ్రాములు వచ్చింది. మన ప్రమాణాల ప్రకారం 1 లోపు ఉండాలి, వేరే నీళ్ళ దారి లేకపోతే 1.5 దాకా. పైగా ఆటోస్టాండ్ దగ్గర రోజుకి ఎనిమిది తొమ్మిది టీలు. టీ మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ లాగి ఆకుల్లో దాచుకుంటుంది, కాబట్టి మంచి నీళ్ళతో పెట్టిన టీలో కూడా ఎంతో కొంత ఉంటుంది.

నల్గొండలోనే ఇంత ఎందుకంటే కింద ఉన్నది గ్రానైట్, ఆ రాయిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్ళలో కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. బోర్లు లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు ఆ రాయితో ఎక్కువకాలం కలిసున్నవి వస్తాయి. 1973లో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, సైంటిస్టులు ఈ జిల్లా పిల్లల్లో మోకాళ్ళు రెండూ లోపలికి వంగి తగులుకోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు తయారు చేస్తే దానికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరే ఉంది. ఇప్పుడు చాలా ఊళ్ళకి మిషన్ భగీరథ కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, చిన్నపిల్లలకి అది పెద్ద మేలు. కానీ యాభై దాటినవాళ్ళ ఎముకల్లో ఉన్నది పాత బోరు, దాన్ని ఏ పైప్‌లైనూ కడగలేదు.

ఎంఆర్ఐ, సీటీ చూస్తే వెన్నుపాము ఎక్కడ నొక్కుకుపోతోందో తెలిసింది. మెడలో పూసల వెనకాల ఉండే లిగమెంట్ గట్టిపడింది, కానీ అసలు ఇరుకు వీపు కింది భాగంలో, డి9 నించి డి11 పూసల దాకా, అక్కడ వెనక వైపు లిగమెంట్ ఎముకగా మారి వెన్నుపాముని ముందుకి తోసేస్తోంది. మోకాలి దగ్గర సుత్తితో తడితే కాలు ఎగిరి పడుతోంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోంది. కాలు టకటక కొట్టుకోవడానికి కారణం ఇదే. మందులతో ఇది వదలదు, ఆపరేషనే.

నేను, ఒక న్యూరోసర్జన్ మిత్రుడు కలిసి చేశాం. ముందు మత్తు డాక్టర్‌కే పెద్ద పరీక్ష, మెడ వంగదు, వెనక్కి పోదు, మామూలుగా గొట్టం వెయ్యలేం, మెలకువగా ఉండగానే ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి వేశారు. ఛాతీ కూడా బిగుసుకుపోయి ఉంది, పూర్తిగా ఊపిరి పీల్చినా ఒకటిన్నర సెంటీమీటరు కంటే పెరగదు, పక్కటెముకలు వెన్నెముకతో కలిసే కీళ్ళు కూడా గట్టిపడ్డాయి మరి. బోర్లా పడుకోబెట్టడానికే ముప్పావు గంట, తుంటి దగ్గర వంపుకి తగ్గట్టు దిళ్ళు పేర్చుకుంటూ పోయాం. ఎముక మీద డ్రిల్ పెడితే పాలరాయి మీద పెట్టినట్టే ఉంది, రెండు డ్రిల్ మొనలు అరిగిపోయాయి. గట్టిపడిన లిగమెంట్ వెన్నుపాము పైనుండే డ్యూరా పొరకి అతుక్కుపోయింది, విడదీస్తుంటే చిన్న చిల్లు పడి నీళ్ళు కారాయి, కుట్టి, జిగురు పెట్టి మూశాం. ఐదు గంటలు పట్టింది. ఫ్లోరోసిస్ వెన్నెముకకి ఇలా అవుతుందని ముందే తెలుసు కాబట్టి చిల్లు పడొచ్చనీ, కాళ్ళు ఇంకా బలహీనపడే రిస్క్ కూడా ఉందనీ ఇద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పాం. ఇలాంటి కేసు చేసేవాళ్ళు ఆ మాట దాచకండి.

అడాలిముమాబ్‌ని రుమటాలజిస్ట్‌తో మాట్లాడి ఆపేశాం. కాల్షియం భోజనంతో పాటు వేసుకోమన్నా, పేగుల్లోనే ఫ్లోరైడ్‌ని పట్టుకుని బయటికి పంపుతుంది. విటమిన్ డి వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు, విటమిన్ సి, కాళ్ళ బిగుతుకి బాక్లోఫెన్. టీలు రెండుకి దించమన్నా. పాలు, పెరుగు, ఉసిరికాయ. చింతపండు గురించి కూడా చెప్పా, ఎన్ఐఎన్ వాళ్ళే కొంతమంది పిల్లలకి రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోవడం కనిపించింది. అది చిన్న స్టడీ, మందు అని చెప్పను, కానీ పులుసు తినమంటే మన ఇళ్ళల్లో ఎవరైనా వద్దంటారా. దాన్ని కూడా బోరు నీళ్ళతో కాచకండి అని మాత్రం రెండుసార్లు చెప్పా.

పద్నాలుగు నెలల తర్వాత ఎలా ఉన్నాడంటే, చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు, కాళ్ళ బిగుతు బాగా తగ్గింది, చెప్పు జారితే తెలుస్తోంది. మెడ అంతే ఉంది. మోచెయ్యి అంతే. అరచెయ్యి వెల్లకిలా తిరగలేదు, తిరగదు కూడా, గట్టిపడిన పొర మళ్ళీ మెత్తబడదు. యూరిన్ ఫ్లోరైడ్ 3.1కి దిగింది, నీళ్ళు మార్చి ఏడాది దాటినా ఇంకా పోతూనే ఉందంటే అది నీళ్ళలోది కాదు, ఎముకలు కొంచెం కొంచెంగా వదులుతున్నది, ఇలా ఏళ్ళ తరబడి పోతుంది. ఆటో అమ్మేశాడు. అది వద్దని చెప్పింది నేనే, మెడ తిప్పలేనివాడు, కాలు మీద పూర్తి నమ్మకం లేనివాడు హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడపకూడదు, కానీ ఆ మాట చెప్పిన రోజు నా ఎదురుగా ఆయన భార్య ముఖం చూడలేకపోయా. ఇప్పుడు బావమరిది కిరాణా షాపులో కూర్చుంటున్నాడు.

పోయిన నెల వచ్చినప్పుడు వాళ్ళక్కని కూడా తీసుకొచ్చాడు, ఊళ్ళోనే ఉంటుంది, అరవై దాటింది. నేనింకా పేరు కూడా అడగలేదు, ఆయనే "అక్కా, చెయ్యి ఎల్లకిల తిప్పు సార్‌కు" అన్నాడు. తిరగలేదు. ఆమె కాళ్ళు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయి, ముంజేతి ఎక్స్‌రే, కిడ్నీ టెస్టులు రాశా. వంట నీళ్ళ గురించి నేను మొదలుపెట్టేలోపు వాళ్ళావిడ లెక్క చెప్పడం మొదలెట్టింది, అన్నానికి, పప్పుకి, టీకి కలిపి రోజుకి ఇంకో అర క్యాన్ ఎక్కువ పడుతోందట, బియ్యం కడగడానికి మాత్రం బోరు నీళ్ళే వాడుతున్నాం, పర్లేదా సార్ అని అడిగింది. కడిగి పారబోసే నీళ్ళకి పర్లేదు, ఉడికించే నీళ్ళు మాత్రం క్యాన్‌వే అన్నా.